ఉప్పు కడిగిన మూడేళ్ళు

రెండు నెలల కిందట డాక్టరు గారు నా కూరల్లో ఉప్పు సగానికి తగ్గించమన్నారు. మా కోడలు చెప్పింది చెప్పినట్టు చేసే మనిషి. సరిగ్గా సగానికి తగ్గించింది. ఒకరోజు పప్పు నోట్లో పెట్టుకుని, "ఇవాళ చిటికెడు ఎక్కువ పడిందమ్మా" అన్నాను. "లేదత్తయ్యా, కొలిచే వేశాను" అంది. కాసేపటికి వంటింట్లోంచి మళ్ళీ వచ్చి, "నిజమే, చెంచా మారింది" అంది. అప్పట్నుంచి ఇంట్లో ఇదొక వేడుకైపోయింది. మనవరాలు మూడు గ్లాసుల నీళ్ళలో ఉప్పు కలిపి తెచ్చి, దేంట్లో ఎక్కువో చెప్పమంటుంది. నేను చెబుతాను. ఒక్కసారి కూడా తప్పలేదు.

"ఎలా తెలుస్తుంది నానమ్మా?" అని అడిగింది. వయసు వల్ల అన్నాను. అది అబద్ధం. వయసుతో నాలుక మొద్దుబారుతుందేగాని పదునెక్కదు. నా నాలుకకి ఆ పదును తొమ్మిదో ఏట వచ్చింది. పెట్టింది మా నాన్న.

మాది దివిసీమలో అవనిగడ్డకి బాగా దిగువన, గాలి తిరిగితే సముద్రం వాసన గుమ్మం దాకా వచ్చే ఊరు. ఊరికి తూర్పున మా పాలెం. తాటాకు ఇళ్ళు, మధ్యలో సున్నం కొట్టిన చిన్న ప్రార్థన మందిరం. అందరమూ ఇతరుల పొలాల్లో పనిచేసుకునేవాళ్ళమే. నాన్న ఊళ్ళో ఒక ఆసామి దగ్గర పాలేరు. పొద్దున్నే చద్దన్నంలో ఉల్లిపాయ నంజుకుని వెళ్ళి, దీపాలు పెట్టేవేళకి చుట్ట వాసనతోనూ బురద వాసనతోనూ వచ్చేవాడు. అమ్మ ఊడ్పులకీ కలుపులకీ కోతలకీ వెళ్ళేది. ఇంటికి ఒక్కదాన్నే పిల్లని. నా తర్వాత పుట్టిన ఇద్దరూ దక్కలేదు.

ఒక వేసవిలో భూమిలేనివాళ్ళకి ప్రభుత్వం బంజరు ఇస్తోందని తెలిసి, పాలెంలో మగవాళ్ళందరూ అర్జీలు పెట్టారు. నాన్నకి రెండెకరాలు వచ్చాయి. ఊరికి మైలున్నర దూరంలో, ఉప్పుటేటి ఒడ్డున. పట్టా కాయితాన్ని మా బడి పంతులు గారు మందిరం అరుగు మీద కూర్చుని చదివి వినిపించారు. చివర్లో ఒక షరతు ఉంది. మూడేళ్ళలోగా, అంటే మూడో పంట కోతకల్లా, సగానికి పైగా సాగులోకి తేవాలి. తేలేకపోతే పట్టా రద్దు.

"మూడేళ్ళెందుకండీ, ఈ ఏడే ఊడుస్తాను" అన్నాడు నాన్న.

పంతులు గారు కళ్ళజోడు పైనుంచి చూసి, "నేల చూశావా?" అన్నారు.

"చూడకేం. చదునుగా ఉందండీ."

మరుసటి ఆదివారం ప్రార్థన అయిపోగానే ముగ్గురం వెళ్ళాం. అమ్మ కొత్త చీర కట్టుకుంది. నాన్న చెప్పినట్టే నేల చదునుగా ఉంది. దాని మీద ఏమీ లేదు. అక్కడక్కడ ముద్దగా ఎర్రటి ఉప్పుకూర మొక్కలు, అవతల ఏటి ఒడ్డున మడ చెట్లు, వాటి కింద కుళ్ళిన ఆకుల వాసన. నేల మీద తెల్లగా పొర కట్టింది. ఎండలో కళ్ళు చిట్లించుకుంటే ఎవరో ముగ్గుపిండి ఒలకబోసినట్టు కనిపించింది. అమ్మ వంగి ఆ పొరని అరచేత్తో ఊడ్చి కొంగులో మూట కట్టుకుంది. "ఇంకేం, ఉప్పు కొనే పని లేదు" అంది. ఆ సాయంత్రం ఆ ఉప్పుతోనే గోంగూర వండింది. నోట్లో పెట్టుకోలేకపోయాం, అంత చేదు. నాన్న మాత్రం గిన్నె ఖాళీ చేశాడు. మన పొలంలో మొదటి పంట ఇదేగదా అన్నాడు. అమ్మ నవ్వింది. ఆ పొలం విషయంలో అమ్మ నవ్వడం నాకు తెలిసి అదొక్కసారే.

మొదటి ఏడు నాన్న ఆసామి ఎద్దులు అడిగి తెచ్చి దున్నాడు. అందుకు బదులుగా పది రోజులు ఆయన కుప్పలు వేసిపెట్టాడు. వానలు పడ్డాక నారు పోసి, ఊడ్చాడు. పది రోజులు పచ్చగానే ఉంది. తర్వాత ఆకుల కొనలు ఎర్రబడ్డాయి. ఆ ఎరుపు కిందికి దిగింది. నెల తిరిగేసరికి రెండెకరాల్లోనూ చేత్తో పట్టుకుంటే నలిగిపోయే గడ్డి మిగిలింది. విత్తనం మంచిది కాదన్నాడు నాన్న. అదే విత్తనం ఆసామి పొలంలో నడుమెత్తు ఎదిగింది.

బంజరు వచ్చిన మిగతావాళ్ళు ఆ ఏడాదితోనే వదిలేశారు. నాన్న వదల్లేదు. మా కాలవకి నీళ్ళు వదిలే లస్కరు ఒకాయన ఉండేవాడు. తలకి ఎర్ర తువ్వాలు చుట్టుకుని, తలుపులు తిప్పే ఇనప కడ్డీ భుజాన వేసుకుని, కాలవ గట్టు మీద రోజంతా నడిచేవాడు. వయసులో నాన్నకన్నా చాలా పెద్ద. ఒకరోజు నాన్న ఎండిన దుబ్బులు పీకుతుంటే ఆగి, గట్టు మీద గొంతుక్కూచున్నాడు.

"అబ్బాయ్, నువ్వు వరి పండిద్దామనుకుంటున్నావు" అన్నాడు.

"మరేం పండించాలండీ?"

"ముందు నేల పండించాలిరా. ఈ ఉప్పుని కడగాల. చుట్టూ ఎత్తుగా కట్ట వెయ్యి, ఏటి నీళ్ళు రాకుండా. లోపల మంచినీళ్ళు నిలబెట్టు. నాలుగు రోజులు నానాక వదిలెయ్యి. మళ్ళీ పెట్టు. అట్టా పెడతా ఉండాల, వదుల్తా ఉండాల."

"ఎన్నిసార్లండీ?"

"అది నేల చెప్పుద్ది."

ఆ వేసవంతా నాన్న కట్ట వేశాడు. ఆసామి దగ్గర పని చూసుకుని, సాయంత్రం ఇంటికి రాకుండా అటే వెళ్ళేవాడు. ఆదివారం మధ్యాహ్నాలు అమ్మా నేనూ గంపలతో మట్టి మోసేవాళ్ళం. నా గంప చిన్నది, అరిసెలు పెట్టుకునేది. అమ్మ మోస్తున్నంతసేపూ సణుగుతూనే ఉండేది. "ఈ కండ ఇంకెవరి చేలోనన్నా పెడితే నాలుగు మెతుకులు వచ్చేయి" అనేది. అయినా గంప దించేది కాదు. వానల ముందుకి కట్ట నాన్న నడుము దాకా లేచింది. తాటిబోదె తొలిచి అడుగున తూము పెట్టాడు. శ్రావణంలో రెండు పెద్ద వానలకి పొలం నిండింది. కట్ట మీద నుంచుని చూస్తే ఆకాశం అందులో కనిపించేది. నాన్న రోజూ ఆ నీళ్ళని చూసుకోవడానికి వెళ్ళేవాడు.

పున్నమి పోటు వచ్చిన మర్నాడు వెళ్ళి చూస్తే, నీళ్ళు ఉన్నాయిగాని అవి వాన నీళ్ళు కావు. కట్ట ఎక్కడా తెగలేదు. నాన్న దాని చుట్టూ రెండుసార్లు తిరిగాడు. చివరికి వంగి చూస్తే కట్ట అడుగున బొక్కలు కనిపించాయి. పీతల బొక్కలు. ఇవతల నుంచి అవతలికి, నా చెయ్యి భుజం దాకా పట్టేంతవి. మంచినీళ్ళు వాటిలోంచే కారిపోయాయి, ఏటి నీళ్ళు వాటిలోంచే వచ్చాయి.

ఆరోజు నాన్న కట్ట మీద కూర్చుని మూడు చుట్టలు కాల్చాడు. నాకు ఆకలేసింది. ఇంటికెళ్దామని అడగడానికి భయమేసి, అక్కడే ఒక బొక్కలో పుల్ల పెట్టి ఆడుకుంటున్నాను. పీత బయటికొచ్చి నా వేలు పట్టుకుంది. నేను ఏడుస్తుంటే నాన్న వచ్చి దాని డెక్క విరిచి వదిలించాడు. తర్వాత ఆ పీతని తిరగేసి చాలాసేపు చూశాడు.

"ఇది మెత్తటి మట్టిలోనే తొలిచిద్ది గదా" అన్నాడు, నాతో కాదు.

ఆ ఏడు ఊడ్పు లేదు. రెండో ఏడు అలా పోయింది. కాని మా పాలెం పిల్లలకి అంత పండగలాంటి ఏడు మరొకటి లేదు. నాన్న మాకందరికీ పీతలు పట్టే పని అప్పగించాడు. బడి వదలగానే కుండలు తీసుకుని పోయేవాళ్ళం. బొక్క ముందర చేప తలకాయ కట్టిన దారం వేసి లాగడం, వెనక నుంచి మట్టి తొక్కడం, దొరికినదాన్ని తీసుకెళ్ళి ఎవరి వీపు మీదో వదలడం. సాయంత్రానికి పాలెంలో ప్రతి ఇంటిలోంచీ పీతల పులుసు వాసన వచ్చేది. చింతపండూ ఉల్లిపాయా కలిసి మరిగే ఆ వాసనకి ఊళ్ళో కుక్కలన్నీ మా వైపే ఉండేవి. ఒకసారి అమ్మ కొంగులో పిల్ల పీతని కట్టాను. అమ్మ మందిరంలో మోకాళ్ళ మీద ఉండగా అది బయటపడింది. పాస్టరు గారు ప్రార్థన ఆపి నవ్వారు. నాకు ఇంటికెళ్ళాక తట్లు తేలాయి.

నాన్న మాత్రం ఆ తర్వాతి వేసవంతా కట్టని నడిమికి నిలువునా చీల్చాడు. మోకాలిలోతు కందకంలా తవ్వి, అందులో కాలవ అడుగు నుంచి తీసిన నల్లటి బంకమట్టి తెచ్చి తొక్కి నింపాడు. లస్కరు వచ్చి కడ్డీతో పొడిచి చూశాడు. కడ్డీ దిగలేదు. "ఇది నీకెవరు చెప్పార్రా?" అన్నాడు. "పీత చెప్పిందండీ" అన్నాడు నాన్న.

మూడో ఏడు మొదలయ్యేసరికి నాన్న ఆసామి దగ్గర పాలేరుతనం మానేశాడు. అమ్మ రెండు రోజులు అన్నం తినలేదు. ఆ ఏడు మా ఇంట్లో నూకల జావ, ఎండు రొయ్యల పొట్టు, కాలవ గట్టు మీది ఆకుకూరలు తప్ప పెద్దగా ఏమీ ఉడకలేదు.

తొలకరికి లస్కరు ఇచ్చిన జీలుగ విత్తనాలు చల్లాడు నాన్న. ఉప్పుకి చావని మొక్క అది. మోకాలెత్తు రాగానే దున్ని మట్టిలో కలిపేశాడు. కాలవలు వదిలాక, పై ఊళ్ళవాళ్ళ వంతు తీరిన తర్వాత శివారుకి మిగిలిన నీళ్ళు మా పొలానికి వచ్చేవి. నాలుగు రోజులు నిలబెట్టి, ఏటిలో పోటు తీసిన వేళ చూసి తూము వదిలేవాడు. మళ్ళీ పెట్టేవాడు.

ఉప్పు ఎంత పోయిందో తెలియాలిగదా. నాన్న మట్టి రుచి చూసేవాడు. కాని చుట్ట తాగి తాగి ఆయన నాలుకకి రుచి పోయింది. ఒకరోజు నన్ను పిలిచి, జానెడు లోతు నుంచి తీసిన మట్టిని గ్లాసెడు మంచినీళ్ళలో కలిపి, తేరుకున్నాక పైనీళ్ళు నా నోట్లో పోశాడు.

"ఎట్టా ఉంది తల్లీ?"

"ఉప్పగా ఉంది."

"ఉప్పగా ఉంటదని నాకూ తెలుసు. ఎంత ఉప్పగా?"

నాలుక పెదాల మీద తిప్పుకున్నాను. చివరికి "ఎండుచేపంత" అన్నాను. నాన్న ముఖం వెలిగింది. అలా మాకొక కొలత ఏర్పడింది. ఎండుచేపంత, దానికి కింద ఆవకాయంత, దానికి కింద పులుసంత, అన్నిటికన్నా కింద చప్పిడి గంజంత. గంజంత అయితే వరి బతుకుతుందని లస్కరు చెప్పాడు. ప్రతి కడుగు తర్వాతా నాలుగు మూలలా, నడిమినా మట్టి తీసి, అయిదు గ్లాసులు కట్ట మీద వరసగా పెట్టేవాడు. నేను రుచి చూసి ఉమ్మేసి చెప్పేదాన్ని. పెదాలు పగిలి మండేవి. అమ్మ వెన్నపూస అడిగి తెచ్చి రాసేది. "పిల్ల నోరు పుండవుతుంటే కనపడట్లేదా నీకు" అని నాన్నని తిట్టేది.

"గంజంత అయిన రోజున ఉమ్మక్కర్లేదు, మింగేద్దువుగాని" అనేవాడు నాన్న నాతో. ఆ రోజు కోసం నేనూ ఎదురుచూశాను. ఆవకాయ పులుసైంది. నడిమి గ్లాసు, ఊరివైపు రెండు గ్లాసులు ఒక్కొక్కటే చప్పబడ్డాయి. ఏటివైపు రెండు మూలలు మాత్రం మొండికేశాయి. వాటిలోనూ ఈశాన్యం మూలది మరీ.

అప్పటికి శ్రావణం సగం దాటింది. కాలవ పక్కన వేరేవాళ్ళ చెక్కలో పోసిన నారు ముదిరిపోతోంది. సరిగ్గా అప్పుడే గుడివాడ నుంచి మావయ్య వచ్చాడు. అమ్మ తమ్ముడు. అక్కడ రైల్వే స్టేషన్లో కలాసీ. వాళ్ళ ఇంట్లో ఏదో శుభకార్యం, నన్ను తీసుకెళ్తానన్నాడు. బందరు దాకా బస్సు, అక్కడి నుంచి రైలు. అప్పటికి నేను రైలు చూడలేదు.

నాన్న తల గోక్కుంటూ నిలబడ్డాడు. "రేపు తూము వదుల్తున్నా. మట్టి చూసి చెప్పి వెళ్ళనీ. ఇంకో కడుగు పెట్టాల్సొస్తే మాత్రం పిల్ల ఉండాలి బామ్మర్దీ" అన్నాడు.

"ఇంకో కడుగంటే ఎన్ని రోజులు?"

"ఎంత లేదన్నా వారం."

మావయ్యకి అంత సెలవు లేదు.

మర్నాడు పొద్దున్నే వెళ్ళాం. మావయ్య కట్ట కింద సంచీతో నుంచున్నాడు, బస్సు తప్పిపోతుందని. నాన్న అయిదు గ్లాసులు పెట్టాడు. మొదటి మూడూ గంజంత. అవి నిజంగానే మింగేశాను. నాలుగోదీ పరవాలేదు. ఈశాన్యం మూల గ్లాసు నోట్లో పోసుకోగానే నాకు తెలిసింది. పులుసు. పులుసు కన్నా ఒక పిసరు ఎక్కువే.

నాన్న నా ముఖంలోకి చూస్తున్నాడు.

"గంజంత" అన్నాను.

"సరిగ్గా చూశావా?"

"గంజంతే నాన్నా."

నాన్న అటు తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు. నేను కట్ట దిగి పరిగెత్తాను.

గుడివాడలో పన్నెండు రోజులున్నాను. రైలు బొగ్గు వాసన, స్టేషను ఎదురుగా హోటల్లో ఆకులో పెట్టిన వేడి ఇడ్లీ, దాని మీద కరిగే నెయ్యి, అత్త నా జడకి కట్టిన ఎర్ర రిబ్బను. ఇన్నేళ్ళైనా ఏదీ మర్చిపోలేదు. అక్కడున్న పన్నెండు రోజుల్లో ఈశాన్యం మూల ఒక్కసారి కూడా గుర్తుకు రాలేదు. అది చెప్పడానికి ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది.

తిరిగొచ్చేసరికి నాన్న మొత్తం ఊడ్చేశాడు. నడిమినా ఊరివైపూ చేను నిలదొక్కుకుంది. ఆ పచ్చదనం నేను వేరే ఎక్కడా చూడలేదు. ఈశాన్యం మూల ఎర్రబడింది. ఎరుపు అక్కడితో ఆగలేదు. నేలలో మిగిలిన ఉప్పు, ఎండ కాసినప్పుడల్లా పైకి పొంగి, నీళ్ళతోపాటు పక్క మళ్ళలోకి పాకింది. చావగా మిగిలిన దుబ్బుల నుంచి పిలకలు చీల్చి, చచ్చినచోట మళ్ళీ నాటుతున్నాడు నాన్న. నాటినవి నాటినట్టే చచ్చాయి. మళ్ళీ నాటాడు. సగానికి పైగా పోయేదాకా అలా నాటుతూనే ఉన్నాడు.

నేను రోజూ పిలకలు అందిస్తూ పక్కనే ఉన్నాను. ఒక మధ్యాహ్నం ఇక ఉండబట్టలేక చెప్పేశాను.

"నాన్నా, ఆరోజు ఈ మూల గంజంత లేదు. పులుసంత ఉంది."

నాన్న వంగినవాడు లేవలేదు. చేతిలో ఉన్న పిలక నాటి, వేలితో మట్టి అదిమాడు.

"నాకు తెలుసు" అన్నాడు.

"ఎట్టా తెలుసు?"

"ఆ గ్లాసుది నువ్వు మింగలేదు. అటు తిరిగి ఉమ్మేశావు."

"మరి ఎందుకు ఊడ్చావు?"

నాన్న నడుము నిటారుగా చేసుకుని, బురద చేతులు అలాగే వదిలేసి కాసేపు ఏటివైపు చూశాడు. "అప్పటికే నారు ముదిరిపోయింది. మీ అమ్మ రెండు నెల్ల నుంచి ఒక్కతే కూలికి పోతంది. మూడో ఏడు అయిపోవస్తంది. నాకూ ఆ మాటే వినాలనిపించింది తల్లీ. నువ్వు చెప్పకపోతే నాకు నేనే చెప్పుకునేవాణ్ణి." తర్వాత, "ఇంకో పిలక ఇయ్యి" అన్నాడు.

నన్ను కొట్టలేదు. కొట్టి ఉంటే బాగుండేదని చాలా ఏళ్ళు అనుకున్నాను.

కార్తీకంలో మిగిలిన చేను ఈనింది. మార్గశిరంలో కోశాం. మొత్తంలో మూడో వంతు ఉంటుంది. అమ్మ ఆ వడ్లు దంచి వండిన రోజు నాన్న చేతులు కడుక్కుని కూర్చుని, పళ్ళెం ముందు చాలాసేపు మాట్లాడాడు. ఆయన అంత మాట్లాడటం అరుదు. ఏటివైపు కట్ట పక్కన లోపల ఒక సన్న కాలవ తవ్వాలి. ఉప్పు ముందు అందులోకి దిగాలి. నారు పదిహేను రోజులు ఆలస్యంగా పొయ్యాలి. కడుగు నాలుగు రోజులు కాదు, రెండు రోజులు చాలు, ఎక్కువసార్లు పెట్టాలి. "ఎక్కడ తప్పానో మొత్తం తెలిసిపోయింది. వచ్చే ఏడు మూల కూడా పండుద్ది" అన్నాడు. అమ్మ ఇంకాస్త అన్నం వడ్డించింది.

కోతకి ముందే రెవెన్యూ ఉద్యోగి ఒకాయన గొడుగేసుకుని వచ్చి పొలం చూసి వెళ్ళాడు. సంక్రాంతి వెళ్ళాక కాయితం వచ్చింది. సగం కూడా సాగులో లేనందున పట్టా రద్దు.

నాన్న బందరు వెళ్ళాడు. చదువుకున్నదాన్నని నన్ను వెంట తీసుకెళ్ళాడు. అప్పటికి నేను అయిదో తరగతి. కచేరీ వరండాలో పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా కూర్చున్నాం. పాత కాయితాల వాసన, సిరా వాసన, ఎవరో తింటున్న పెరుగన్నం వాసన. చివరికి లోపలికి పిలిచారు. గుమాస్తా గారు మంచాయనే. ఎదుట నిలబెట్టి కసరలేదు. ఫైలు తీసి మొత్తం చదివారు.

"మూడేళ్ళన్నారు. మూడేళ్ళూ అయిపోయినాయి గదయ్యా" అన్నారు.

"మూడో వంతు పండిందండీ. కట్ట నిలిచిందండీ. వచ్చే ఏడు మొత్తం పండుద్ది. ఎట్టా చెయ్యాలో ఇప్పుడు తెలిసిందండీ."

ఆయన నాన్న చేతులకేసి చూశారు. "నువ్వు చెప్పేది నిజమే కావచ్చు. కాని ఈ కాయితంలో నాలుగో ఏడు లేదు."

నాన్న నమస్కారం పెట్టి బయటికి వచ్చాడు. బజార్లో నాకు అణా హల్వా కొనిపెట్టాడు. ఆకులో నల్లగా, నెయ్యి కారుతూ ఉంది. ఆకు మడిచి అమ్మకి దాచాను.

తిరుగు బస్సులో నాన్న కిటికీ పక్కన కూర్చున్నాడు. బందరు దాటుతుండగా రోడ్డుకి తూర్పున తెల్లటి చౌడు నేలలు కనిపించాయి. నాన్న వాటిని ఒక్కొక్కదాన్నీ చూస్తూ, నాతోనో తనతోనో చెబుతూ వచ్చాడు. "ఇది రెండేళ్ళలో బాగవుద్ది. ఇది కష్టం, నీళ్ళు పోయే దారి లేదు. ఇదిగో, ఇది చూడు, దీనికి ఏటివైపు కట్ట ఒక్కటి వేస్తే చాలు." చౌడు వెనకబడి పచ్చటి చేలు వచ్చాక ఊరుకున్నాడు.

మా పొలాన్ని ఎగువ ఊరి ఆసామి ఒకాయన తీసుకున్నాడు. నాన్న వేసిన కట్టని ఆయన ముట్టుకోలేదు. తూమూ అదే. రెండు కడుగులు పెట్టి ఊడ్చాడు. ఆ ఏడు వానలు కూడా మంచివి పడ్డాయి. రెండెకరాలూ పండాయి. చౌట్లో వరి పండించాడని ఆయన్ని ఊరంతా మెచ్చుకుంది. అవనిగడ్డ నుంచి కూడా వచ్చి చూసి వెళ్ళారు. లస్కరు ఒక్కడే మా ఇంటి ముందు ఆగి, తల నుంచి తువ్వాలు తీసి, మళ్ళీ చుట్టుకుని నడిచి వెళ్ళాడు.

కోతలకి పాలెం నుంచి కూలీలని పిలిచారు. అమ్మ రానంది. నాన్న కొడవలి నూరుకుంటుంటే నాకు ఏడుపొచ్చింది.

"నువ్వెందుకెళ్ళడం నాన్నా?"

"అయిందో లేదో చూడాలి గదా" అన్నాడు.

సాయంత్రం వచ్చి, స్నానం చేసి, అరుగు మీద కూర్చున్నాడు. ఎవరూ అడక్కుండానే, "ఈశాన్యం మూల కూడా పండింది" అన్నాడు. గొంతులో బాధ ఉందేమోనని వెతికాను. ఉన్నట్టు లేదు. ఒక లెక్క సరిపోయినవాడి గొంతు అది. అమ్మ లోపల పొయ్యి ఊదుతూ ఊదుతూ ఆగి, కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది.

ఆ తర్వాత నాన్న చాలా కాలం బతికాడు. మళ్ళీ పాలేరుగా చేరాడు, పాత ఆసామి దగ్గరే. ఎవరికన్నా కొత్తగా చౌడు భూమి వస్తే వెళ్ళి చెబుదామని చూసేవాడు. ఇద్దరు ముగ్గురు విన్నారు, ఎక్కువమంది వినలేదు. నా పెళ్ళయి నేను గుడివాడ వైపు వెళ్ళాక కూడా, పుట్టింటికి వచ్చినప్పుడల్లా నా చేత అర్జీ రాయించేవాడు. ఎన్ని రాశానో గుర్తులేదు. ఎప్పుడూ ఒకటే సంగతి. ఊరికి దూరమైనా పరవాలేదు, ఏటి ఒడ్డైనా పరవాలేదు.

చివరిది రాయించిన రోజు ఆయన మంచంలోనే ఉన్నాడు. దగ్గుకి మధ్యమధ్య ఆగుతూ చెప్పాడు, నేను రాశాను. కట్ట నేనే వేసుకుంటాను. తూము నేనే పెట్టుకుంటాను. ఎద్దులు అడగను. అంతా అయ్యాక సంతకం చోట వేలిముద్ర వేయించబోతుంటే నా చెయ్యి పట్టుకుని ఆపాడు.

"ఇంకొక్క మాట రాయి తల్లీ. ఈసారి గడువు మూడేళ్ళు కాకుండా నాలుగేళ్ళు ఇప్పించమని."

రాశాను. మర్నాడు అవనిగడ్డ వెళ్ళి నేనే పోస్టు చేశాను. జవాబు రాలేదు.